పెరట్లో తిరిగే గాలిమర: కొత్తది కట్టుకోవడం, పాతది బాగుచేసుకోవడం

బజారులో అమ్మే తోట గాలిమరల్లో చాలా వాటికి పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. చక్రం మధ్యలో ఒక రంధ్రం, ఆ రంధ్రంలో ఒక బోల్టు, అంతే. కొన్న రోజు వేలితో తోస్తే గిర్రున తిరుగుతుంది. ఒక వానాకాలం గడిచేసరికి బోల్టు తుప్పుపట్టి, చక్రం బిగుసుకుపోయి, పెరట్లో రంగు వేసిన ఇనుప బొమ్మలా నిలబడిపోతుంది. నాకు అలాంటి గాలిమర చూస్తే బాధ వేస్తుంది. గాలిమర అందమంతా తిరగడంలోనే ఉంది.

నేను ఉండేది అనంతపురంలో. ఆషాఢం గాలికి ఇక్కడ ఏదైనా తిరుగుతుంది, అది గొప్ప కాదు. చైత్రమాసం సాయంత్రం ఆకు కదిలీ కదలనట్టు వీచే పిల్లగాలికి కూడా చక్రం మెల్లగా పక్కకు తిరిగి, గాలికి మొహం పెట్టి, కదలడం మొదలుపెట్టాలి. దానికి కావలసినవి మూడే: మంచి బేరింగు, సమంగా తూగే చక్రం, తేలిగ్గా తిరిగే తల (చక్రాన్నీ తోకనూ మోస్తూ టవర్ పైన తిరిగే భాగం). రంగు ఆ తర్వాత సంగతి. మీ దగ్గర డబ్బు తక్కువుంటే రంగు డబ్బాలో తగ్గించుకోండి, బేరింగులో వద్దు.

ఏ నమూనా?

తోటల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి హాలండు తరహా, నాలుగు పెద్ద రెక్కలది. ఆ దేశంలోని కిండర్‌డైక్‌లో వరసగా నిలబడిన 19 గాలిమరల ఫొటోలు చూసే ఉంటారు. రెండోది అమెరికా పొలాల్లో నీళ్లు తోడిన ఉక్కు గాలిమర: నాలుగు కాళ్ల టవర్, పైన పువ్వులాంటి చక్రం, వెనక తోక. నేను చెప్పబోయేది ఈ రెండోదే. రెక్కలు దట్టంగా ఉంటాయి కాబట్టి తక్కువ గాలికే కదులుతుంది, మనకు కావలసింది అదే.

దీని వెనక మంచి చరిత్ర ఉంది. 1854లో డేనియల్ హాలడే అనే ఆయన తనంతట తానే గాలివైపు తిరిగే, గాలి హెచ్చితే తనను తాను అదుపు చేసుకునే గాలిమరను తయారుచేశాడు. అప్పట్లో రెక్కలన్నీ చదునైన చెక్కలే. 1882-83లో థామస్ పెర్రీ అనే ఇంజనీరు 61 రకాల చక్రాలు కట్టి, 5,000కు పైగా పరీక్షలు చేసి, వంపు తిరిగిన ఉక్కు రేకు చదును చెక్క కన్నా ఎంతో మెరుగని తేల్చాడు. ఆ లెక్కల మీదే 1888లో షికాగోలో ఏర్‌మోటార్ కంపెనీ మొదలైంది. మన రేకు రెక్కకు కూడా కొంచెం వంపు పెట్టేది అందుకే. నిజమైన పనిచేసే గాలిమరను దగ్గర నుంచి చూడాలనుకుంటే పుదుచ్చేరి పక్కన ఆరోవిల్‌లో నీళ్లు తోడేవి ఉన్నాయి. ఒకసారి చూసి వస్తే మీ చేతి పని మారిపోతుంది.

చోటు ముందు, ఇనుము తర్వాత

ఆరడుగుల కర్రకు చివర పల్చటి రిబ్బను కట్టి, అనుకున్న చోట వారం రోజులు పాతిపెట్టండి. రిబ్బను ఒకవైపు సాగి ఎగురుతుంటే అది మంచి చోటు. గిలగిలా కొట్టుకుంటూ దిక్కులు మార్చుతుంటే అక్కడ గాలి సుడి తిరుగుతోందని అర్థం. ప్రహరీ గోడ, మామిడి చెట్టు, పక్కింటి మిద్దె, అన్నీ గాలిని చెడగొడతాయి. గోడ ఎత్తుకు కనీసం ఐదారు రెట్లు దూరం ఉంటే మంచిది. అంత స్థలం లేకపోతే టవర్ ఎత్తు పెంచాలి తప్ప వేరే దారి లేదు.

టవర్

ఆరడుగుల టవర్, రెండడుగుల చక్రం. ఇంటి తోటకు ఈ జోడీ కంటికి నిండుగా ఉంటుంది. అడుగున చదరం 20 అంగుళాలు, పైన 5 అంగుళాలు. ఇలా పెట్టుకుంటే ప్రతి రెండడుగుల ఎత్తుకు వెడల్పు సరిగ్గా 5 అంగుళాలు తగ్గుతుంది: 20, 15, 10, 5. లెక్క నోటికే వచ్చేస్తుంది.

కాళ్లను 72 అంగుళాలకు కోయకండి. కాలు రెండు వైపులా లోపలికి వాలుతుంది కాబట్టి, ఆరడుగుల ఎత్తు రావాలంటే కాలు పొడవు 73 అంగుళాలు కావాలి. 25×25×3 మి.మీ. యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) రెండు లెంగ్తులు చాలు. ఒక దాంట్లో మూడు కాళ్లు, రెండో దాంట్లో నాలుగో కాలు, చదరాల ముక్కలు వస్తాయి. కొనేటప్పుడు తూకం గమనించండి. ఈ సైజు యాంగిల్ మీటరుకు 1.1 కిలో. 6 మీటర్ల లెంగ్తులు రెండూ కలిపి 13 కిలోల పైన తూగాలి. బాగా తక్కువ తూగితే మందం 3 మి.మీ. లేదన్నమాట. అడ్డంగా వేసే ఇంటూ గుర్తు పట్టీలకు 20×3 ఫ్లాట్ మూడు లెంగ్తులు, చక్రం రింగులకు, ఆకులకు (నడుమ నుంచి రింగులను పట్టి ఉంచే పట్టీలకు) ఇంకొకటి తీసుకోండి.

నేల మీద సుద్దతో టవర్ ఒక ముఖాన్ని పూర్తి సైజులో గీయండి. ఆ గీతల మీదే రెండు కాళ్లు పరిచి, అడ్డ ముక్కలు పెట్టి, చుక్క వెల్డింగు (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న అతుకు) వేయండి. అదే గీత మీద రెండో ముఖం కూడా. ఆ తర్వాత రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి మిగతా రెండు వైపులా కలపాలి. అడుగు చదరం మూల నుంచి మూలకు రెండు వైపులా 28 అంగుళాల పావు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే టవర్ మెలి తిరిగింది, చుక్కలు ఊడదీసి సరిచేయండి. అన్ని చోట్లా చుక్కలు వేశాకే నిండు వెల్డింగు, అది కూడా ఒక మూల, దాని ఎదురు మూల, అలా మార్చి మార్చి. ఒకే వైపు వరసగా వేస్తే వేడికి ఇనుము అటు లాగేస్తుంది.

తల: అసలు పని ఇక్కడే

టవర్ పైన 5 అంగుళాల చదరపు ప్లేటు, 5 మి.మీ. మందంది, వెల్డు చేయండి. దాని నడుమ అరంగుళం జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) 8 అంగుళాల ముక్కను నిటారుగా నిలబెట్టాలి. ఈ పైపు మీద ముప్పావు అంగుళం పైపు టోపీలా తొడుక్కుంటుంది. మీడియం క్లాసు పైపులైతే అరంగుళం దాని బయటి కొలత 21.3 మి.మీ., ముప్పావు దాని లోపలి కొలత 21.7 దాకా ఉంటుంది. లోపల అతుకు గీత కొద్దిగా పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని గుండ్రటి ఆకురాయితో అరగదీస్తే చక్కగా జారుతుంది.

లోపలి పైపు పైకొనను చిన్న ప్లేటుతో మూసి, దాని మధ్య డ్రిల్లుతో చిన్న గుంట చేయండి. ఆ గుంటలో సైకిలు షాపులో దొరికే పావు అంగుళం ఉక్కు గుండు ఒకటి పెట్టండి. బయటి పైపు పైకొన కూడా మూసి, లోపల వైపు అలాంటి గుంటే చేస్తే, తల బరువంతా ఆ ఒక్క గుండు మీద కూర్చుంటుంది. వేలితో తాకితే తిరుగుతుంది. పైగా టోపీ కాబట్టి వాన నీళ్లు లోపలికి పోవు. చాలామంది దీన్ని తిరగేసి కడతారు, బయటి పైపు కింద, లోపలిది పైన. అప్పుడది నీళ్లు పట్టే గిన్నె అవుతుంది, ఏడాదిలో బిగుసుకుపోతుంది.

ఇక చక్రం ఇరుసు. 15 మి.మీ. బ్రైట్ కడ్డీ, రెండు 6202 నంబరు బేరింగులు. లేత్ షాపులో 45 మి.మీ. రౌండు కడ్డీ 4 అంగుళాల ముక్క ఇచ్చి, నడుమ ఆరపార 20 మి.మీ. బెజ్జం వేసి, రెండు చివర్లా 35 మి.మీ. వెడల్పు, 11 మి.మీ. లోతు బోరు చేయమనండి. బేరింగు చేత్తో నొక్కితే కూర్చోకూడదు, పైన చెక్క పెట్టి సుత్తితో తడితే కూర్చోవాలి. దెబ్బ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి దారిలో గుంటలు పడతాయి, కొత్త బేరింగే గరగరలాడుతుంది. రెండు వైపులా రబ్బరు సీలున్నవి, అంటే నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉన్నవి అడగండి. రేకు మూతవి కొంచెం తేలిగ్గా తిరుగుతాయి కానీ వానకు ఆగవు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి గాలిమరకు బేరింగులు బిగించేశాక, తోక పట్టీ వెల్డు చేయడం మరిచానని గుర్తొచ్చి, అలాగే వెల్డు చేశాను. ఎర్త్ క్లాంపును (వెల్డింగు కరెంటు తిరిగి పోయే పట్టును) ఇరుసుకు తగిలించాను. కరెంటు బేరింగు గుండ్ల గుండా పోయింది. బయటికి ఏమీ కనబడలేదు. మరుసటి రోజు చక్రం తిప్పితే చిన్న చిన్న మెట్లు ఎక్కి దిగుతున్నట్టు ఆగి ఆగి తిరిగింది. రెండు బేరింగులూ పారేయాల్సి వచ్చింది. వెల్డింగు అంతా అయ్యి, ఇనుము చల్లారాకే బేరింగు పెట్టండి. ఎప్పుడైనా తప్పనిసరై వెల్డు చేయాల్సి వస్తే బేరింగులు బయటకు తీయండి.

బేరింగు గూడును టోపీ పైపు పైన అడ్డంగా వెల్డు చేయండి. చక్రం మధ్యభాగానికీ నిలువు పైపు మధ్యభాగానికీ 7 అంగుళాల ఎడం ఉండాలి, లేకపోతే తల తిరిగినప్పుడు రెక్కల కొసలు టవర్ మూలలకు తగులుతాయి.

చక్రం, రెక్కలు

20×3 ఫ్లాట్ పట్టీతో రెండు రింగులు వంచండి. చిన్నది 9 అంగుళాల వ్యాసం, పట్టీ పొడవు 28 అంగుళాల పావు. పెద్దది 20 అంగుళాల వ్యాసం, పట్టీ 62 అంగుళాల ముప్పావు. నడుమ 6 అంగుళాల గుండ్రటి ప్లేటు, దానికి ఇరుసు దూరే బుష్. ప్లేటు నుంచి ఆరు ఆకులు బయలుదేరి రెండు రింగులనూ కలపాలి. బుష్‌ను ఇరుసుకు గ్రబ్ స్క్రూ (పక్క నుంచి బిగించే తల లేని స్క్రూ) ఒక్కదానితోనే వదిలేయకండి, జారుతుంది. ఆరపార చిన్న బోల్టు కూడా వేయండి.

పన్నెండు భాగాలు చేయడానికి కోణమానిని అక్కర్లేదు. వ్యాసార్ధం ఎంతో అంత కొలతతో రింగు మీద అడుగులు వేసుకుంటూ పోతే సరిగ్గా ఆరు వస్తాయి. ఒక్కో దాన్ని సగం చేస్తే పన్నెండు.

రెక్క జీఐ రేకుతో. అర మిల్లీమీటరు పైచిలుకు మందం చాలు. పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు, బయటి కొస ఐదున్నర, లోపలి కొస రెండు అంగుళాలు. ఒక అట్టముక్క మీద గీసి, కోసి, దాన్నే అచ్చుగా పెట్టుకుని పన్నెండూ గీయండి. మడతకని చుట్టూ 5 మి.మీ. అదనం వదలండి. ఆ అంచును వెనక్కి మడిచి సుత్తితో అణచాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా మానకండి. మడవని రేకు అంచు కత్తే. పిల్లలు తిరిగే పెరట్లో తిరిగే చక్రానికి పన్నెండు కత్తులు కట్టినట్టవుతుంది. మడత వల్ల రేకుకు బిగువు కూడా వస్తుంది, గాలికి తపతపలాడదు.

వంపు కోసం 4 అంగుళాల పీవీసీ పైపు మీద రెక్కను నిలువుగా పెట్టి అరచేత్తో మెల్లగా నొక్కండి. మధ్యలో పావు అంగుళం లోతు వస్తే చాలు. ఆ గుంట వైపే గాలికి ఎదురుగా ఉండాలి.

రెక్క ఏటవాలు 30 డిగ్రీలు. ఫ్లాట్ పట్టీతో 24 చిన్న క్లిప్పులు కోసి, బెంచి వైసులో పట్టి 30 డిగ్రీలకు వంచండి. కొలవడానికి పిల్లల జామెట్రీ పెట్టెలోని మూలమట్టం చాలు, అందులో 30 డిగ్రీల కోణం ఉన్నదే. రెక్కకు రెండు క్లిప్పులు, ఒకటి చిన్న రింగుకు, ఒకటి పెద్ద రింగుకు, పాప్ రివెట్లతో. పన్నెండు రెక్కలూ ఒకే వైపు వాలాలి. బిగించాక చక్రాన్ని పక్క నుంచి ఒక కన్ను మూసి చూడండి. ఏ రెక్కయినా తేడాగా ఉంటే అప్పుడే పట్టేయవచ్చు.

తూకం సరిచూడడం

దీన్ని వదిలేసే వాళ్లే ఎక్కువ. చక్రాన్ని ఇరుసుకు తగిలించి, గాలి లేని చోట మెల్లగా తిప్పి వదలండి. ఆగినప్పుడు కిందికి వచ్చిన రెక్కకు సుద్దతో గుర్తు పెట్టండి. మూడు నాలుగు సార్లు చేసినా అదే రెక్క కిందికి వస్తే అటు బరువెక్కువ. దాని ఎదురు రెక్క దగ్గర పెద్ద రింగుకు ఒక వాషరు బిగించి మళ్లీ తిప్పండి. ఏ రెక్క దగ్గర వదిలితే అక్కడే నిలబడే దాకా వాషర్లు కలపడమో తీయడమో చేయాలి. నాకు ఒకసారి దీనికే రెండు గంటలు పట్టింది. తూకం లేని చక్రం చిన్న గాలికి కదలదు, పెద్ద గాలికి ఊగుతుంది. ఆ ఊపు టవర్ పైప్లేటు వెల్డింగులను చీల్చేస్తుంది.

తోక

24 అంగుళాల పొడవున అరంగుళం సైజు పైపు, చివర 10×8 అంగుళాల రేకు. తోక పని రెండు రకాలు. చక్రాన్ని గాలికి ఎదురు తిప్పడం ఒకటి. ముందుకు వాలే చక్రం బరువును వెనక నుంచి సరితూచడం రెండోది. తలను టవర్ మీద పెట్టి చూడండి. ముక్కు కిందికి వాలుతుంటే పైపు ఒక అంచున ఒరుసుకుని తిరగడానికి మొరాయిస్తుంది. అప్పుడు తోక చివర చిన్న ఇనుప ముక్క బోల్టుతో బిగించండి. రేకు మీద ఇంటి పేరు కోయించుకోవచ్చు, నెమలి ఆకారం కోయించుకోవచ్చు, మీ ఇష్టం. వైశాల్యం మాత్రం మరీ తగ్గించకండి.

పునాది

గాలి వేగం రెట్టింపైతే నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. 30 కిలోమీటర్ల గాలి ఈ రెండడుగుల చక్రాన్ని కిలో పైచిలుకు బరువుతో నెడితే, 100 కిలోమీటర్ల గాలి సుమారు 14 కిలోల బరువుతో నెడుతుంది, అదీ ఆరడుగుల పైన. కాబట్టి ఒక్కో కాలికి 9 అంగుళాల చదరం, అడుగు లోతు గుంత తీసి 1:2:4 కాంక్రీటు (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) వేయండి. కాలిని నేరుగా కాంక్రీటులో పాతకుండా, బోల్టులు పాతి వాటికి కాలి ప్లేట్లు బిగించండి. నేల ఒరిపిడి దగ్గర ఇనుము తిన్నట్టు ఇంకెక్కడా తినదు. వారం రోజులు తడపండి.

మిద్దె తోట అయితే శ్లాబుకు బెజ్జాలు వేయవద్దు, వాన నీరు దిగుతుంది. నాలుగు కాళ్లనూ నాలుగడుగుల చదరపు ఫ్రేముకు బిగించి, మూలల మీద ఇసుక బస్తాలు పెట్టండి. పిట్టగోడ అంచున మాత్రం ఎప్పుడూ నిలబెట్టకండి.

టవర్ మీదికి శంఖుపూల తీగ పాకిస్తే అందంగా ఉంటుంది, నేనూ పాకించాను. మూడు వారాల్లో అది పైదాకా పోయి చక్రాన్ని కట్టేసింది. నాలుగడుగులు దాటనివ్వకండి.

రంగు

నల్ల ఇనుముకు తుప్పు గీకి రెడాక్సైడు, పైన ఎనామెలు, ఇది అందరికీ తెలిసిందే. జీఐ రేకు సంగతే వేరు. దాని మీద మామూలు ఎనామెలు నేరుగా వేస్తే, జింకు ఆ రంగులోని నూనెతో కలిసి సబ్బులాంటి పొర అవుతుంది, ఏడాదిలో రంగు పొరలు పొరలుగా లేస్తుంది. జీఐకి పనికొచ్చే ఎచ్ ప్రైమరు అడిగి వేయండి. లేదా రంగే వేయకండి. వెండి రంగు రెక్కలు కాలంతో పాటు మాసి, లేత బూడిద రంగుకు తిరిగితే నాకు మరీ ఇష్టం.

జీఐ పైపును వెల్డు చేసే ముందు ఆ చోట జింకు పూత గ్రైండరుతో తీసేయాలి, ఆరుబయటే వెల్డు చేయాలి. తెల్లటి ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

పాతదాన్ని బాగుచేయడం

భీమిలిలో మా బావ ఇల్లు కొన్నప్పుడు పెరట్లో ఒక పాత గాలిమర ఉంది. సముద్రం గాలికి తుప్పుపట్టి, మూడు రెక్కలు ఊడి, చెట్టులో సగం మునిగి ఉంది. తూకానికి వేసేద్దామన్నాడు. "ఒక్క నెల ఆగు బావా" అన్నాను.

విప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఒక్కో రెక్కకూ దాని చోటుకూ సెంటర్ పంచుతో చుక్కలు కొట్టండి: మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు. సుద్ద, పెన్ను గుర్తులు తుప్పు గీకేటప్పుడు పోతాయి, పంచు చుక్కలు పోవు. బిగుసుకున్న బోల్టులకు కిరోసిన్ పోసి రాత్రంతా వదలండి. పొద్దున కొంచెం బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత ఊడదీసే వైపు తిప్పండి. మొండికేస్తే తలను గ్రైండరుతో కోసేయడం మేలు, రింగు వంకర పోయే దాకా గుంజవద్దు.

బావ వాళ్ల దానిలో తల ఎందుకు తిరగట్లేదో చాలాసేపు అర్థం కాలేదు. పైపులో టార్చి వేసి చూస్తే లోపలంతా కుమ్మరి పురుగులు మట్టి గూళ్లు కట్టి ఉన్నాయి. పొడవాటి స్క్రూడ్రైవరుతో పొడిస్తే గుప్పెడు గుప్పెడుగా ఎర్రమట్టి రాలింది. పైపు మాత్రం లోపల కొత్తదానిలా ఉంది, ఆ మట్టే దానికి ఉప్పు గాలి తగలనీయలేదు. ఆ పైపును అలాగే వాడాను.

ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్నదానికి నా పద్ధతి ఇది. చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే బతికే ఉంది, బొద్దుగా మోగితే లోపల తినేసింది. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిస్తే దిగిపోయే చోటును కోసి కొత్త ముక్క వేయాలి. కాళ్ల అడుగు అడుగున్నర దాకా దాదాపు ఎప్పుడూ పోయే ఉంటుంది, పైభాగం నిక్షేపంగా ఉంటుంది. బోల్టు మీద తిరిగిన చక్రమైతే నడిమి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి అరిగి ఉంటుంది. దాన్ని పెద్దది చేసి, బుష్ వెల్డు చేసి, పైన చెప్పిన బేరింగు గూడు పెట్టండి.

పాత రంగును పొడి ఎమెరీ కాగితంతో రుద్దవద్దు. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండవచ్చు. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, రాలిన రంగును గోనె మీద పట్టి పారేయండి, కూరగాయల మడిలో పడనివ్వకండి. పిల్లల్ని ఆ రోజు దూరంగా ఉంచండి.

సముద్రతీరంలో రెక్కల దగ్గర ఇత్తడి, రాగి బోల్టులు వాడితే వాటి పక్కన జింకు పూత ముందు పోతుంది. బావ దానికి పాత రెక్కలు తొమ్మిది ఉంచి మూడు కొత్తవి వేశాను. కొత్తవి తేలిక, పాతవి బరువు కాబట్టి తూకానికి ఏడు వాషర్లు పట్టాయి.

తుపాను రోజు

బేరింగు గూడు నుంచి ఇరుసు దాకా 6 మి.మీ. బెజ్జం ఒకటి ముందే వేయించి పెట్టుకోండి. రెండు బేరింగుల మధ్య చోట వేయాలి. మామూలు రోజుల్లో అందులో రబ్బరు మూత ఉంటుంది. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే మూత తీసి, ఇనుప పిన్ను దూర్చితే చక్రం ఆగిపోతుంది. తర్వాత తోకను తాడుతో టవర్‌కు కట్టేయండి. భీమిలి దానికి పిన్ను ఒక గొలుసుతో టవర్ కాలికే వేలాడుతుంటుంది, వెతుక్కునే పని లేకుండా. ఏడాదికోసారి, వానలకు ముందు, టోపీ ఎత్తి గుండు తుడిచి గోరంత గ్రీజు పెడితే చాలు. ఆ పని ఇప్పుడు మా మేనకోడలే చూసుకుంటోంది.